సోనారిలో మడిచిన గొడుగులు

నేను రిటైరైంది ఇక్కడి ఉక్కు కార్ఖానా కుట్టు విభాగం నుంచి. కొలుముల దగ్గర పనిచేసేవాళ్ళకి మందపాటి కోట్లు, చేతితొడుగులు కుట్టించడం నా పని. కాని మొదటి ఉద్యోగం ఎక్కడ చేశావని ఎవరైనా అడిగితే మాత్రం "విమానదళంలో" అంటాను. "నానీ, ఝూఠ్ మత్ బోలో" అని మా మనవరాలు నవ్వుతుంది. అబద్ధం కాదు. కాకపోతే అది మన దేశపు విమానదళం కాదు. ఆ దేశం పేరు తెలోనా. పటంలో వెతక్కండి. అప్పట్లో మేమూ వెతికాం. మా బడిలో ఉన్న గ్లోబు మీద, వాళ్ళు చెప్పిన చోట దుమ్ము తుడిస్తే ఒక చుక్క కనబడింది. అది దేశమో, ఈగ పెట్టిన మచ్చో తేల్చుకోలేకపోయాం.

ఈమధ్య కొత్తగా పనిలో చేరిన అమ్మాయి ఒకతె నన్ను అడిగింది, "పనిలో పొరపాటు జరిగితే పైవాళ్ళు మన పక్కన నిలబడతారా ఆంటీ?" అని. అందరూ నిలబడరమ్మా. నా పక్కన ఒకాయన నిలబడ్డాడు. నిలబడటం కూడా కాదు, దూకాడు. ఆ సంగతి మీకు చెప్పాలనిపించింది.

అరవైల మొదట్లో, ఉత్తరాన కొండల మీద యుద్ధం జరిగిన మరుసటి ఏడు. తూర్పు కొండల్లో ఉన్న మన సైనికులకి, అక్కడి పల్లెలకి రోడ్లు లేవు. బియ్యం, ఉప్పు, మందులు అన్నీ విమానాల్లోంచి పారాచూట్లతో దించాల్సిందే. స్నేహదేశాలు కొన్ని విమానాలు పంపాయి. పెద్ద దేశాలకి పెద్ద పెద్ద విమానాశ్రయాలు ఇచ్చారు. తెలోనా వాళ్ళు తెచ్చుకున్నవి మూడే విమానాలు, అవీ ముసలివి. వాళ్ళని ఎక్కడ పెట్టాలో ఎవరికీ తోచక మా జంషెడ్‌పూర్ సోనారి ఏరోడ్రోముకి పంపేశారు. ఊళ్ళో జనం ఆదివారాలు సైకిళ్ళేసుకుని వెళ్ళి కంచె పక్కన నిలబడి చూసేవారు. "పూరా ఎయిర్‌ఫోర్స్ యహీ హై క్యా?" అని, మొత్తం దళం ఇంతేనా అన్నట్టు ఒకాయన అడిగితే, "నహీఁ, ఒకటి ఇంటి దగ్గర వదిలొచ్చారట" అని ఇంకొకాయన జవాబు చెప్పాడు. అది వేళాకోళం అనుకున్నాం. తర్వాత తెలిసింది, నిజమే.

పారాచూట్లు మడవడానికి వాళ్ళ దగ్గర మనుషులు చాల్లేదు. కుట్టుపని తెలిసిన ఆడవాళ్ళు కావాలని అడిగితే మా తెలుగు చర్చిలో పాస్టరుగారు ఆరాధన అయ్యాక ప్రకటన చేశారు. నేనప్పుడు మిషన్ బడిలో చిన్నపిల్లలకి కుట్టుపని నేర్పుతున్నాను. ఇంకా పెళ్ళి కాలేదు. మా నాన్న కార్ఖానాలో క్రేను నడిపేవాడు. పరాయి దేశపు మగవాళ్ళ దగ్గర పనంటే ఒప్పుకోడనుకున్నాను. ఆయన అన్నం తింటూ ఆలోచించి, "ఆళ్ళు బియ్యం దించుతున్నారు, బాంబులు కాదు. ఎల్లు. తిన్నగా పని నేర్చుకో" అన్నాడు.

మమ్మల్ని పరీక్షించింది ఆ షెడ్డుకి పెద్ద అయిన సార్జెంటు. నెరిసిన మీసాలు, పీపాలాంటి ఒళ్ళు. మా అందరి ముందూ చిక్కుపడిన సన్నతాడు ఉండలు పెట్టి విప్పమన్నాడు. అంతే పరీక్ష. కొందరు గబగబా లాగారు, కొందరు కత్తెర అడిగారు. నేను చిక్కుని వదులు చేసుకుంటూ కొస కోసం వెతికాను. అది నా తెలివేం కాదు. మా తాతది భీమిలి దగ్గర సముద్రం ఒడ్డు; మతం మారినా వల మారలేదు. సెలవులకి వెళ్ళినప్పుడల్లా వల చిక్కు తీయడమే మా ఆట. సార్జెంటు నా చేతుల్ని చూసి, "మీ ఇంట్లో జాలరులున్నారా?" అని అడిగాడు. వాళ్ళ దీవుల్లో అందరూ జాలరులేనట. ఈయన కూడా సైన్యంలో చేరకముందు తెరచాపలు కుట్టినవాడే.

అక్కడే నాకు పరిచయమైంది మా అక్క. సొంత అక్క కాదు. టాటానగర్ రైల్వే క్వార్టర్స్ నుంచి వచ్చేది. పెనిమిటి రైల్వేలో పనిచేస్తూ పోయాడు. ఇద్దరు ఆడపిల్లలు. శ్రీకాకుళం వైపు మనిషి. నుదుట విబూది, నోట్లో పాన్, మాట కత్తి. మొదటిరోజే నన్ను ఎగాదిగా చూసి, "ఏటి టీచరమ్మా, పలకా బలపం మానేసి ఇలాగొచ్చేసినావు? ఈ గుడ్డలకి కూడా ఒత్తులూ గుణింతాలూ నేర్పుతావా ఏటి?" అంది. షెడ్డంతా నవ్వింది. ఆ రోజునుంచి నేను ఆమె పక్కబల్లే.

పని గురించి ఎక్కువ చెప్పను. పొడుగాటి బల్ల మీద పారాచూట్ గుడ్డని పరవాలి, ముక్క ముక్కనీ సరిచేసి మడవాలి, తాళ్ళు ఒకదాని మీదికి ఒకటి రాకుండా చుట్టి సంచిలో పెట్టాలి. బియ్యం మూటలకి కట్టేవి నూలుగుడ్డవి. విమానంలో మనుషులు ప్రాణం మీదికొస్తే దూకడానికి పెట్టుకునేవి పట్టులాంటి సన్నటి గుడ్డవి. అన్నిటినీ మేం గొడుగులే అనేవాళ్ళం. సంచి మూత మీద ఎవరి దారం వాళ్ళు ఒక కుట్టు వేయాలి, ఎవరు మడిచారో తెలియడానికి. అక్కది ఎర్రదారం. నాది నీలం.

సార్జెంటు మా మధ్య తిరుగుతూ మా మాటలు పట్టుకున్నాడు. అతను నేర్చుకున్న మొదటి భారతీయ భాష హిందీ అని అతను అనుకున్నాడు. అది హిందీ కాదు, మా ఉత్తరాంధ్ర తెలుగు. ఎవరు పిలిచినా "ఏటి?" అని పలికేవాడు. ఢిల్లీ నుంచి వచ్చిన ఒక పెద్ద ఆఫీసరు సెల్యూట్ అందుకుంటూ ఏదో అడిగితే కూడా గట్టిగా "ఏటి?" అన్నాడట. ఆయన మొహం ఎలా మారిందో విమానం నడిపే కుర్రాళ్ళు రోజుల తరబడి నటించి చూపించారు.

ఆ కుర్రాళ్ళందరికీ నాయకుడు వాళ్ళ కెప్టెన్. సన్నగా, పొడుగ్గా, సిగ్గరిలా ఉండేవాడు. అతనికి ముప్పై దాటి ఉండవు. విమానం తిరిగి వచ్చిన ప్రతిసారీ షెడ్డు గుమ్మం దగ్గర ఆగి, టోపీ తీసి, "అన్నీ తెరుచుకున్నాయి" అని ఒక్కమాట చెప్పి పోయేవాడు. ఆ మాట కోసం మేం ఎదురుచూసేవాళ్ళం. జీతం ఇచ్చిన రోజు కూడా అంత సంతోషంగా ఉండేది కాదు.

వానలు మొదలయ్యాయి. మీకు తెలుసు కదా ఇక్కడి వానలు. ఖర్కయి నది ఒడ్డెక్కింది. షెడ్డు గోడలకి పాచి పట్టింది. ఒకరోజు కెప్టెన్ గుమ్మం దగ్గర ఆగలేదు, లోపలికి వచ్చాడు. "రెండు తెరుచుకోలేదు" అన్నాడు. ఎప్పుడైనా ఒకటీ అరా అలా అవుతుందని సార్జెంటు మాకు ముందే చెప్పాడు. కాని ఆ తర్వాత ప్రతి విమానానికీ అదే మాట. గొడుగు సంచిలోంచి వచ్చేది, కాని విచ్చుకోకుండా తాడులాగే సాగి, మూట రాయిలా పడిపోయేది. బియ్యం కొండచరియ మీద చెల్లాచెదురు.

చివరికి ఒక మధ్యాహ్నం కెప్టెన్ వచ్చి బల్ల అంచున కూర్చున్నాడు. తడిసిన టోపీ చేతిలో తిప్పుతూ మాట్లాడాడు. ఇంగ్లీషు అతనికీ పరాయిదే, మెల్లగా మాట్లాడేవాడు. నేను తెలుగులో చెప్తూ పోయాను.

"ఈ రోజు మందుల పెట్టె. ఆ కొండమీది సైనిక చౌకీలో సగంమంది జ్వరంతో పడి ఉన్నారు. పెట్టె వాళ్ళ కళ్ళముందే పగిలింది. మేం పైనుంచి చూశాం. ఒకడు పరిగెత్తుకుంటూ వెళ్ళి సీసాల ముక్కలు ఏరుతున్నాడు."

నేను ఆఖరి వాక్యం తెలుగులో చెప్పలేకపోయాను. అక్కే నా భుజం పట్టుకుని, "సాల్లే, తెలిసినాది" అంది.

రెండురోజుల్లో తనిఖీకి ఒక మేజరు వచ్చాడు. అన్ని దేశాల విమానాలనీ కలిపి నడిపించే ఆఫీసు నుంచి, ఒక పెద్ద దేశపు మనిషి. ఆయన చెడ్డవాడు కాదని మొదటే చెప్తున్నాను. ఆయన స్థానంలో నేనున్నా అలాగే అనేదాన్నేమో. షెడ్డంతా చూశాడు. మమ్మల్నీ చూశాడు. కెప్టెన్‌తో, "ఈ ఆడవాళ్ళు శిక్షణ లేనివాళ్ళు. బడిపంతులమ్మలు, ఇల్లాళ్ళు. ఈ షెడ్డు మూసెయ్యండి. మా వాళ్ళు వచ్చేదాకా మీ విమానాలు ఆపండి" అన్నాడు.

"మీ వాళ్ళు ఎప్పటికి వస్తారు?" కెప్టెన్ అడిగాడు.

"వానలు తగ్గాక."

"వానలు తగ్గేదాకా ఆ కొండల మీద వాళ్ళు ఏం తింటారు?"

అక్క నన్ను గోకింది. "ఏటంటన్నాడు?" చెప్పాను. బయటికి వెళ్ళి పాన్ ఉమ్మేసి వచ్చి మరీ మాట్లాడింది.

"పాడైనవి ఎవలివో సూడమని సెప్పు. ఒకరి సెయ్యి మంచిది కాపోతే ఒకరి దారమే కదా పాడవ్వాల. ఎర్రదా, నీలందా, పచ్చదా? అడుగు."

నేను ఇంగ్లీషులో చెప్పాను. సార్జెంటు తల పైకెత్తాడు. కొండల్లోంచి కూలీలు మోసి వెనక్కి తెచ్చిన పాడైన గొడుగుల్లో కొన్ని మూలన కుప్పగా ఉన్నాయి. మోకాళ్ళ మీద కూర్చుని సంచుల మూతలు తిప్పి చూశాడు. ఎర్రవి ఉన్నాయి, నీలం ఉన్నాయి, పచ్చవి, పసుపువి, అన్నీ ఉన్నాయి. తన సొంత నల్లదారం కూడా ఉంది. ఆ నల్లదారాన్ని బొటనవేలితో రుద్దాడు. తర్వాత ఇంకా పంపని సంచి ఒకటి విప్పి, గుడ్డని రెండు చేతులా పట్టుకుని మెల్లగా లాగాడు. మడతలు విడిపోతుంటే తడిసిన కాగితాలు విడదీసినట్టు చప్పుడైంది. గుడ్డని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మాకూ వాసన చూపించాడు. బూజు వాసన.

విషయం అందరికీ ఒకేసారి అర్థమైంది. బురదతో తిరిగొచ్చిన గొడుగుల్ని మేం ఉతికి, షెడ్డులోనే తాళ్ళ మీద ఆరేసేవాళ్ళం. కప్పు తక్కువ ఎత్తు కాబట్టి రెండు మూడు మడతలుగా ఆరేసేవాళ్ళం. చేతికి పొడిగానే తగిలేవి. లోపలి పొరల్లో మాత్రం చెమ్మ మిగిలేది. దాన్ని గట్టిగా నొక్కి మడిచి కట్టేస్తే పొరకి పొర అతుక్కుపోయేది. మేమెంత శ్రద్ధగా బిగించామో అంత గట్టిగా అతుక్కుంది. తప్పు ఎవరో ఒకరిది కాదు, అందరిదీనూ. అలాంటి తప్పు ఒప్పుకోవడం సులువనుకుంటారు గాని, కాదు. అందరిదీ అయినప్పుడు తిట్టడానికి కూడా ఎవరూ దొరకరు.

మేజరు కూడా గుడ్డ వాసన చూశాడు. "సరే. కారణం దొరికింది. కాని ఈ వానల్లో వీటిని ఎక్కడ ఆరబెడతారు?" అన్నాడు.

సార్జెంటు మా వైపు తిరిగాడు. "సిస్టర్స్, ఈ ఊళ్ళో బాగా ఎత్తుగా, బాగా వేడిగా ఉండే ఇల్లేదైనా ఉందా?"

నేను ఆ మాట తెలుగులోకి మార్చగానే, మేజరు ఎదుట ఉన్నాడని కూడా మర్చిపోయి మేమంతా నవ్వేశాం. అక్క కళ్ళు తుడుచుకుంటూ, "ఓలమ్మ, ఈ ఊరంతా పొయ్యే కదేటి!" అంది.

ఆ సాయంత్రం మా నాన్నని అడిగాను. బట్టీల వెనకాల ఒక బే, అంటే ఎత్తైన కప్పున్న పెద్ద హాలు, మరమ్మతు కోసం ఖాళీ చేసి ఉందనీ, దాని గోడకి అవతలే బట్టీ ఉందనీ, పైన క్రేను ఇంకా నడుస్తుందనీ చెప్పాడు. కెప్టెన్ తెల్లవారగానే వెళ్ళి కార్ఖానా పెద్దలని కలిశాడు. వాళ్ళు వెంటనే ఒప్పుకున్నారు. మీరు నమ్మరు గాని, అప్పట్లో ఏదైనా పని కావాలంటే ఒక మనిషి వెళ్ళి అడగడం, ఇంకో మనిషి సరే అనడం, అంతే.

మొదటిరోజు మాత్రం నవ్వులపాలయ్యాం. తెల్లటి గొడుగులు క్రేను కొక్కేనికి తగిలించి పైకెత్తాం. మధ్యాహ్నానికి వాటి మీద బొగ్గుమసి పడి కాకుల్లా అయ్యాయి. మళ్ళీ ఉతికాం. ఈసారి కిటికీలన్నిటికీ టార్పాలిన్లు కట్టించాడు సార్జెంటు. మా నాన్న పైన క్రేను గదిలో కూర్చుని, గాజుసామాను ఎత్తుతున్నట్టు మెల్లగా ఎత్తేవాడు. గొడుగులు నిండు పొడవుగా సాగి వేడిగాలికి కొంచెం ఉబ్బేవి. షిఫ్టు దిగి పోయే మనుషులు తలుపు దగ్గర ఆగి నోళ్ళు తెరిచేవారు. "కిస్కీ శాదీ హై భాయ్?" అని, ఎవరి పెళ్ళన్నట్టు, ఒకాయన అడిగాడు. "మా అందరిదీనూ" అంది అక్క తెలుగులో. అతనికి అర్థం కాకపోయినా చేతులెత్తి నమస్కారం పెట్టి వెళ్ళాడు.

వారం తిరక్కుండా ఉన్నవన్నీ ఆరబెట్టి మళ్ళీ మడిచాం. మేజరు ఎదుట సోనారి మైదానంలోనే ఇసుక మూటలు దించి చూపించారు. ఒక్కటి కూడా మొరాయించలేదు. తెల్లగా పైన పువ్వుల్లా విచ్చుకుని దిగాయి. మేం చప్పట్లు కొట్టాం. ఇక అయిపోయిందనుకున్నాం.

అవలేదు. మేజరు టోపీ సర్దుకుని, "మూటల సంగతి సరే. విమానంలో మీ మనుషులు కట్టుకునేవి కూడా ఈ షెడ్డులోనే ఉన్నాయి కదా? అవీ అదే చెమ్మలో నానాయి. మూట పడితే బియ్యం పోతుంది. మనిషి పడితే? వాటి మీద నేను సంతకం పెట్టలేను. కొత్తవి సముద్రం దాటి రావాలి. అప్పటిదాకా విమానాలు ఎగరవు" అన్నాడు.

ఇది విన్నాక విమానం నడిపే కుర్రాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను చూశాను వాళ్ళ మొహాలు. వాళ్ళు మంచివాళ్ళే, మాతో కలిసి చాయ్ తాగినవాళ్ళే. కాని ఆ క్షణాన వాళ్ళ మనసులో కూడా ఒక అనుమానం పడింది. వాళ్ళని తప్పుపట్టను. వాళ్ళకీ తల్లులున్నారు.

కెప్టెన్ ముందుకొచ్చాడు. "అవీ ఆరబెట్టి మళ్ళీ మడిచినవే. షెడ్డు అలమారలో ఉన్నాయి. మీరే ఒకటి తీసి ఇవ్వండి" అన్నాడు.

"దేనికి?"

"నేను కట్టుకుని దూకుతాను."

"నేను దూకమని అడగలేదు, కెప్టెన్."

"మీరు అడగలేదు. నేనే చెప్తున్నాను. నా మనుషులు రోజూ వీటిని నమ్ముకుని ఎగురుతారు. నేను నమ్మకపోతే వాళ్ళని ఎగరమనే హక్కు నాకు లేదు."

మేజరు షెడ్డులో అలమార దగ్గరకి వెళ్ళి, పైవి వదిలేసి అన్నిటికన్నా కింద ఉన్నది లాగాడు. మూత తిప్పాడు. నీలందారం.

నేను మడిచినది. అక్క నా చెయ్యి పట్టుకుంది.

మీలో ఎవరికైనా ఇలాంటిది జరిగిందేమో తెలీదు. ఆ గొడుగు మడిచిన రోజు గుర్తు చేసుకోవాలని చూస్తే ఒక్కటీ గుర్తురాలేదు. తాళ్ళు సరిగా చుట్టానా? ఆఖరి మడత సరిచూశానా? ఆ రోజు అక్క ఏదో చెప్తుంటే నవ్వాను, అదొక్కటే గుర్తుంది. నవ్వుతూ ఏం చేశానో! సార్జెంటు దగ్గరకి వెళ్ళి, "నాకేం గుర్తులేదు సార్. ఆపండి. ఇంకొకటి తీసుకోమనండి" అన్నాను. ఏడుపొచ్చేసింది.

అతను నా ఎదురుగా నిలబడ్డాడు. "నిన్న పొద్దున జడ వేసుకున్నావు కదా, ఏ పాయ మీద ఏ పాయ వేశావో గుర్తుందా?"

"లేదు."

"జడ ఊడిపోయిందా?"

లేదన్నట్టు తల ఊపాను. "అంతే సిస్టర్. గుర్తున్నది కొత్తపని. గుర్తులేనిది వచ్చిన పని" అన్నాడు. ఆ మాట ఇన్నేళ్ళలో ఎంతమంది కొత్త అమ్మాయిలకి నేను అప్పజెప్పానో!

మబ్బు ఆ పూట కొంచెం తెరిపిచ్చింది. విమానం పైకి లేచి, రెండు నదులు కలిసే దోముహాని మీదుగా చుట్టుతిరిగి, చాలా ఎత్తుకి వెళ్ళింది. మైదానంలో మేమంతా తలలెత్తి నిలబడ్డాం. మా నాన్న కూడా డ్యూటీ దిగి సైకిలు మీద వచ్చాడు. ఎవరు చెప్పారో, కంచె అవతల జనం మూగారు. నేను కళ్ళు మూసుకున్నాను. ప్రార్థన చేద్దామంటే మాటలు రాలేదు. పక్కన అక్క "సింహాద్రి అప్పన్నా, సింహాద్రి అప్పన్నా" అంటోంది. సరే, ఆమె దేవుడికైనా వినబడనీ అనుకున్నాను.

"కళ్ళు తెరువు" అన్నాడు సార్జెంటు. "నువ్వు చూడకపోతే ఎలా?"

తెరిచాను. విమానం పొట్ట కిందనుంచి నల్లటి చుక్క ఒకటి విడిపోయింది. పడుతోంది. ఇంకా పడుతోంది. అతను కావాలనే తాడు ఆలస్యంగా లాగాడని తర్వాత చెప్పాడు, చూసేవాళ్ళకి ఏ అనుమానమూ మిగలకూడదని. ఆ పెద్దమనిషి నా ఆయుష్షు ఎన్నేళ్ళు తగ్గించాడో అతనికేం తెలుసు? చుక్క వెనక ఒక తెల్లటి గీత సాగింది. ఒక్క క్షణం అది గీతగానే ఉంది. తర్వాత గాలి దాన్ని పట్టుకుంది.

తెరుచుకుంది.

కంచె అవతల జనం ఒక్కసారి అరిచారు. మా నాన్న సైకిలు వదిలేశాడు, అది పడిపోయింది. నేను అరిచానో లేదో గుర్తులేదు. అక్క మాత్రం నన్ను వాటేసుకుని, "ఓలి పిల్లా! ఓలి నా పిల్లా!" అంటూనే ఉంది. టీచరమ్మా అని ఆమె మళ్ళీ ఎప్పుడూ పిలవలేదు.

గాలి కెప్టెన్‌ని మైదానం దాటించి ఒకాయన కూరగాయల తోటలో పడేసింది. మేం బురదలో పరిగెత్తాం. మేజరు మా అందరికన్నా ముందున్నాడు. మెరిసే బూట్లు మోకాలిదాకా బురద. కెప్టెన్ బెండ మొక్కల మధ్య కూర్చుని చీలమండ పట్టుకుని నవ్వుతున్నాడు. బెణికింది. మేజరు చెయ్యి అందించి లేపాడు. "రేపటినుంచి ఎగరండి" అని ఒకే మాట అన్నాడు. తర్వాత నా దగ్గరకి వచ్చి టోపీ తీశాడు.

అక్క మాత్రం ఊరుకోలేదు. వేలు చూపిస్తూ కెప్టెన్‌ని నిలదీసింది. "ఏటయ్యా, బుద్ధుందా నీకు? ఏటైనా అయిపోతే మీ అమ్మకి జవాబు ఎవలు సెప్తారు? నానా? ఈ గుంటా?" అని నన్ను చూపించింది. అతను నా వైపు చూశాడు, ఏమంటోందన్నట్టు. "మిమ్మల్ని మెచ్చుకుంటోంది" అన్నాను. "అలా అనిపించడం లేదు" అన్నాడు. సాయంత్రం అక్కే పసుపూ సున్నం నూరి అతని కాలికి పట్టు వేసింది. తోటవాడికి కూలిన మొక్కల బదులు తెలోనా వాళ్ళు మూటలకి కట్టే మంచి తాడు ఒక చుట్ట ఇచ్చారు. అతను మహా సంతోషించాడు.

ఆ తర్వాత వానలు ఆగేదాకా మా గొడుగులు కార్ఖానా బేలో ఆరుతూనే ఉన్నాయి, విమానాలు ఎగురుతూనే ఉన్నాయి. మందుల పెట్టె పగిలిన చౌకీకి మళ్ళీ పెట్టె దించారు. అక్కడివాళ్ళు వైర్‌లెస్‌లో కబురు పంపారట, పెట్టె పిల్లని ఉయ్యాల్లో పడుకోబెట్టినట్టు దిగిందని. కెప్టెన్ కుంటుకుంటూ గుమ్మం దగ్గరకి వచ్చి, టోపీ తీసి, ఆ కబురు చెప్పి, "అన్నీ తెరుచుకున్నాయి" అన్నాడు. మా మధ్య ఒకామె బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది.

చలికాలం రాగానే వాళ్ళు తిరిగి వెళ్ళిపోవాల్సి వచ్చింది. నాకు ఆ కుట్టు విభాగంలో ఉద్యోగం వచ్చింది కూడా వాళ్ళ వల్లే. కార్ఖానా పెద్దలకి కెప్టెన్ వెళ్ళి చెప్పాడట, "ఆ అమ్మాయి మడిచినదాంతో నేను దూకాను" అని. అంతకన్నా మంచి సిఫార్సు నా తర్వాత ఎవరికీ వచ్చి ఉండదు. అక్కని కూడా అదే విభాగంలో పెట్టించాను. రిటైరయ్యేదాకా నా పక్కబల్లే. ఇద్దరు కూతుళ్ళనీ చదివించింది. ఇవన్నీ ఎవరి దయ అని లెక్కపెట్టుకోను. అందరిదీను. నాన్నది, సార్జెంటుది, కెప్టెన్‌ది, సింహాద్రి అప్పన్నది, మా ప్రభువుది. తప్పు చూపించి మరీ వెళ్ళిన ఆ మేజరుది కూడా.

వెళ్ళేముందు రోజు తెలోనా వాళ్ళు మాకు ఒక బహుమానం ఇచ్చారు. షెడ్డు ఆడవాళ్ళందర్నీ విమానం ఎక్కించారు. మాలో ఎవరమూ అంతకుముందు ఎక్కలేదు. సార్జెంటు ఒక్కొక్కరికీ పారాచూట్ సంచి వీపుకి కట్టి పట్టీలు బిగించాడు. చీరల మీద ఆ పట్టీలతో మేం ఎలా ఉన్నామో చూసుకుని నవ్వుకున్నాం. విమానం కదిలి, పరిగెత్తి, నేల వదిలింది. చెవులు దిబ్బెళ్ళేశాయి. కిందికి చూస్తే రెండు నదులు కలిసే చోటు, గొట్టాల పొగ, మా ఇళ్ళ కప్పులు, దూరంగా టాటానగర్ పట్టాలు, వాటి మీద బొమ్మలాంటి రైలు. నేను కిటికీకి అతుక్కుపోయాను. అక్క మాత్రం కళ్ళు గట్టిగా మూసుకుని, రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుని కూర్చుంది.

"కళ్ళు తెరు అక్కా, మీ రైలు కనబడతోంది" అన్నాను.

"నాకేటీ కనబడక్కర్నేదు. ఈ యీపు మీదున్నది ఎవలు మడిసినారు? ముందది సెప్పు."

"నేనే."

ఆమె ఒక కన్ను తెరిచి నన్ను చూసింది. తర్వాత రెండోది తెరిచింది. బల్ల వదిలేసి, కొంగు సర్దుకుని, నన్ను మోచేత్తో పక్కకి నెట్టింది.

"జరుగు పిల్లా. నన్నూ సూడనీ."